ఆగ్నేయంలో నీళ్లు

గుంటూరు మిర్చియార్డు నుంచి వచ్చారు వాళ్లు.
కారు తలుపు తీయగానే ఘాటు.
సూర్యలంక గాలికి ఆయన తుమ్ములు ఆగిపోయాయి,
అది మాత్రం ఆయన గమనించలేదు.

సరుగుడు తోపు దాటాక మరో ఇల్లు లేదు.
మేడెక్కితే సగం సముద్రం,
మిగిలింది ఆకాశం.
బ్రోకరు మస్తాన్ వలీ
రెండూ ధరలో కలిపే చెప్పాడు.

జేబులోంచి దిక్సూచి తీసి
ఆయన పెదవి విరిచాడు:
"ఆగ్నేయంలో ఇంత నీరా? దోషం.
పది లక్షలు తగ్గించండి."
అల ఒకటి వచ్చి, విని, వెనక్కెళ్లింది.

కిటికీ ఊచల తుప్పు రాసుకున్నారు.
జీడిమామిళ్లు లెక్కపెట్టారు, పదిహేడు.
దొరువు దగ్గరికి ఎవరూ రాలేదు.
ఉప్పు కెరటానికి నూరడుగుల్లో
ఇసక తోడితే ఊరే తీపి నీళ్లు;
పదకొండేళ్లుగా ఈ మల్లెలు తాగేది అవే.
వాళ్లు అడగలేదు.
నేనూ చెప్పలేదు.

ఆవిడొక్కతే చెప్పులు విడిచి
తడి ఇసకలో కాసేపు నిలబడింది.
"రాత్రిళ్లు ఈ హోరుకి నిద్రెట్లా పడుతుంది, నాంచారమ్మా?"

ఏం చెప్పను?
బాపట్లలో చెల్లెలింటికి వెళ్లినప్పుడల్లా
ఇది వినపడకే కదా
తెల్లార్లూ మేలుకుంటాను.