పోయే తేదీ

ఫ్రిజ్‌లో పెట్టే ప్రతిదాని మీదా
పేరు రాయాలి, పోయే తేదీ రాయాలి.
రాయనివి శుక్రవారం చెత్తబుట్టకి.
ఎలునెడ్ చెప్పిన మొదటి నియమం ఇది.
రెండోది, తడి బూట్లు గడప దాటకూడదు.

పెన్ను పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
మావైపు ఎవరూ పోతాననరు,
పక్కింటికి పెరుగుతోడు కోసం వెళ్ళినా సరే.
అంటే మూతి మీద ఒక్కటి వేసేది నాగరత్తమ్మ పిన్ని.
నాలుగు గుడ్లు, సగం బ్రెడ్డు, మెత్తబడ్డ టమాటాలు,
సంచి మీద పదహారు అని రాశాను.
గుడ్లకి ఆయుష్షు కట్టినట్టుంది.

గోడ మీద పలక. సుద్దముక్కతో
పోటు ఉదయం నాలుగూ పది,
ఆటు పదింబావు.
నా మోకాలి పోటుకి మాత్రం పట్టిక లేదు.
ఫిష్‌గార్డ్ దగ్గర మొదలుపెట్టి రెండు రోజులు
వేల్స్ కొండల అంచున, గొర్రెలు వేసిన దారిలో
దిగి ఎక్కి, దిగి ఎక్కి.
పసుప్పచ్చ పూల ముళ్ళపొదలు
కొబ్బరి వాసన వేస్తుంటే
ఇక్కడ కొబ్బరేమిటని
మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను.
గొర్రెలే చూస్తున్నాయి.

ఆరు మంచాల గది. నాది పై మంచం.
నిచ్చెన ఇనుము అరికాళ్ళని కొరుకుతుంది.
కింద మంచం బెరిల్‌ది. డెబ్బై ఒకటి. వుల్వర్‌హాంప్టన్‌లో
ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపిందట.
ఈ తీరాన్ని పదకొండేళ్ళుగా ముక్కలు ముక్కలుగా నడుస్తోంది,
ఏటా ఆరు రోజులు,
కిందటేడు ఆగిన రాయి దగ్గర్నుంచే మళ్ళీ.
పడుకోబోయే ముందు గదంతా తిరిగి
ఒక్కొక్కరి అరచేతిలో రెండేసి దూది ఉండలు పెట్టింది
తాంబూలం పంచినట్టు.
"గురక పెడతాను. ముందే క్షమించండి."

పెట్టింది.
గేరు మారింది, ఎత్తు ఎక్కింది, మలుపు తిరిగింది,
స్టాపు స్టాపుకీ ఆగి ఎవరినో ఎక్కించుకుంది.
ఎదురు మంచం మీద ఫకుందో
చీకట్లో నవ్వాపుకుంటుంటే
వాడి మంచం కిర్రుకిర్రుమంది.
నాకూ అంటుకుంది.

మర్నాడు వాన. ఎవరూ కదల్లేదు.
బట్టలారే గదిలో పదిహేను సాక్సులు,
ఏ దేశానివైనా ఒకటే కంపు.
వంటింట్లో, వదిలేసి వెళ్ళినవాళ్ళ అరలో
ఎవరిదో ఎర్రపప్పు, మూతలేని మిరియాలు,
గడ్డకట్టిన ఉప్పు.
నా సంచిలో చారుపొడి డబ్బా.
చారు పొంగేసరికి
కళ్ళజోడుకి ఆవిరి పట్టినా తుడుచుకోకుండా
గిన్నెలోకి వంగి చూసింది కొరియా అమ్మాయి సొనా.
"జలుబుకి మందా?" అంది బెరిల్.
జలుబు లేకపోయినా తాగొచ్చన్నాను.
రెండో కప్పు అడిగి పోయించుకుంది.
మూడోది అడగలేదు, గరిటె తనే తీసుకుంది.

తెల్లారేసరికి కింద మంచం ఖాళీ.
దుప్పటి మడత, మూలకి మూల.
గురక ఆగిపోయే నాకు మెలకువ వచ్చిందేమో.
ఫ్రిజ్‌లో ఆమె పాలసీసా,
పన్నెండు కొట్టేసి పదమూడు,
పదమూడు కొట్టేసి పద్నాలుగు,
అదీ కొట్టేసి, పేరూ కొట్టేసి
కింద, ఎవరైనా, అని.
ఇన్నిసార్లు ఎందుకు ఆగిందో,
మోకాలో, వానో, మరేదో, నేనెప్పుడూ అడగలేదు.
ఆ పాలతో టీ పెట్టుకున్నాను.

పదహారు. నా వంతు.
చారుపొడి డబ్బాకి కాగితం అంటించి
వకుళ అని రాసి, తేదీ దగ్గర చెయ్యి ఆగి
తెలుగులో వెళ్ళొస్తా అని రాశాను.
ఎలునెడ్ డబ్బాని అటూ ఇటూ తిప్పింది.
చదవమంది. చదివాను.
నాలుక పక్కనుంచి గాలి వదిలే వాళ్ళ ఊరి ళ్ళతో
రెండుసార్లు పలికింది, నాకన్నా బాగా.
"దేంట్లో వెయ్యాలి?"
దేంట్లోనైనా అన్నాను.
తలూపి, మిరియాలకీ ఉప్పుకీ మధ్య సర్దింది.

వచ్చే వారం ఎవరో ఒకరు
ఉడికిన గుడ్డు మీద
చిటికెడు వెళ్ళొస్తా చల్లుకుంటారు.

బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.
గడప బయట కూర్చుని తొడుక్కున్నాను.