నష్టం: సున్నా పాయింట్ సున్నా రెండు

మైపాడు రోడ్డు వారన, రొయ్యల గుంటల గట్టు మీద
టార్పాలిన్ కింద గొంతుక్కూచుని ఉన్నాను.
వెంట్రుకంత గాజుపోగు.
పైతోలు వొలిచి, స్పిరిట్టుతో తుడిచి,
కొస సమంగా కోసి
రెండిటినీ ఎదురెదురు పెడితే
చిటుక్కుమని ఓ నీలి మెరుపు.
మిషను తెర మీద అంకె పడుతుంది:
నష్టం 0.02.
అంతకన్నా బాగా అతికేవాడు
ఈ మండలంలో లేడు, నేనే చెప్పుకోవాలి.

పొద్దున జేసీబీ పంటికి తెగిందీ కేబులు.
గంగపట్నం దాకా ఆరుగంటలు అందరికీ నోరు పడిపోయింది.
బండాపి ఒకాయన అడిగాడు,
"ఎప్పుడొస్తాదబ్బా?"
ఒకప్పుడు కరెంటోణ్ణి తిట్టేవాళ్లు.
ఇప్పుడా వంతు నాది.

అతికాను. పోయినయ్యి లోపల్నుంచి అన్నీ:
నలభై కౌంటు రేటెంతని అడిగే గొంతు,
ఏడో తరగతి లెక్కల పాఠం,
గట్టు మీద కాపలా కెమెరా రెప్పెయ్యని చూపు,
ఎవరో ఎవరికో పంపిన ఎండుచేపల ఫోటో.
నా అతుకు దగ్గర ఏదీ ఆగి పేరు చెప్పదు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు
ఆ అతుకు మీంచే వెళ్లింది
మలకొండయ్య మొహం.

ఐసు లారీ డ్రైవరతను, మద్రాసుకు రొయ్యలు తోలతాడు.
వాళ్లక్క మస్తానమ్మ గుంటల కాడ మేత లెక్కలు రాస్తుంది.
కొత్త నెంబరు. వీడియో.
తమ్ముడే. కనుబొమ్మ మీద అదే గాటు,
మాటకు ముందు అదే దగ్గు.
"అక్కా, నా ఫోన్ పగిలిపోయింది. యాక్సిడెంట్ అయింది.
నన్ను వదలడం లేదు. తొంభై వేలు డబ్బులు పంపించు.
ఎవరికీ చెప్పవద్దు."

మేత బస్తాలకు దాచిన సొమ్ము.
అంకెలు కొట్టేసింది. బొటనవేలు గాల్లో ఉంది.
అప్పుడు చెవిలో చేపముల్లులా ఏదో గుచ్చుకుంది.
వాడు పుట్టి బుద్దెరిగి డబ్బులన్నోడు కాదు,
దుడ్లంటాడు.
చెప్పవద్దు ఏంది?
ఎవరింటి మాట ఇది?

"పిలకాయలు తిన్నారా రా?" అనింది.
ఏరేటరాగిన గుంటలాగా
ఒక్క క్షణం మొహం కదల్లేదు.
"తిన్నారు అక్కా. ముందు డబ్బులు."

వాడి పిలకాయలిద్దరూ
ఆమె వెనకాలే, ఆమె చాప మీదే,
ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని నిద్రపోతున్నారు.

కట్ చేసింది. పాత నెంబరుకు కొట్టింది.
నాలుగు రింగులు. నాలుగేళ్లు.
"ఏందక్కా ఈ టయాన? నాయుడుపేట కాడ టీ తాగతా ఉండా."
ఆమెకు ఏడుపు ఆగలేదు.
"ఏడవబాక. ఏమైందో చెప్పు."
బాక అనే ఆ చిన్న తోక
ఇంటి తాళంలో చెవిలాగా తిరిగింది.

మర్నాడు టీకొట్టు కాడ నన్ను నిలదీసింది:
"నీ తీగలోంచే గదా వచ్చినాడు వాడు?"
రెండు కొసలా తాళమేసే పంపుతారమ్మా, నడిమధ్య ఎవరూ విప్పలేరు,
నేను కూడా విప్పలేను అన్నాను.
"అయితే అబద్ధానికీ నువ్వే తాళమేసి పంపినావు."
టీ గొంతు దిగలేదు.

పోయినేడు మలకొండయ్యే పెట్టాడంట,
క్యాబిన్లో కూచుని, స్టీరింగ్ మీద దరువేస్తూ
ముప్పై సెకన్లు తను పాడుకున్న వీడియో.
మనిషినంతా పోతపోసేందుకు ఆ ముప్పై సెకన్లు చాలినయ్యంట.
దొంగ తలుపు పగలగొట్టలేదు,
మనమే ఆరబెట్టిన చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఇప్పుడు మళ్లీ టార్పాలిన్ కింద ఉన్నాను.
ఇందుకూరుపేట కాడ ఎలుకలు కొరికినయ్యి.
స్పిరిట్టు వాసన. నీలి మెరుపు. 0.02.
వెలుతురెంత పోయిందో చెబుతుందీ మిషను,
అంతవరకే దాని చదువు.

రేపు దొంగ దుడ్లనడం నేర్చుకుంటాడు.
పిలకాయలు, బాక, అన్నీ.
నేను రాసిన ఈ కాయితం చదివైనా నేర్చుకుంటాడు.
అందుకే అక్కాతమ్ముళ్లు గుర్తుమాట మార్చుకున్నారు.
కొత్తదేందో నాకు తెలుసు,
టీకొట్టు కాడ నా ముందే అనుకున్నారు.

చెప్పబాక అనింది మస్తానమ్మ.