నాలుగు బస్తాలు

కిల్వా తీరం నుంచి రెండు బస్సులు మారి
ఒక మోటారు సైకిలు వెనక కూర్చుని వస్తే
అడవి మొదలవుతుంది.
చెట్టుకీ చెట్టుకీ మధ్య
ఎండ నడిచి వెళ్లేంత సందున్న అడవి.
వానలకి నెల ముందే ఇక్కడ చిగురు
నెత్తురు రంగులో పుడుతుంది.

మొరొగోరో నుంచి వచ్చిన తుమైని
మా చేతికి తాడిచ్చింది, టేపిచ్చింది.
"పదిహేను మీటర్ల తాడుతో చుట్టు తిరగండి,
లోపల నిలబడ్డదంతా లెక్క" అంది.
నేల నుంచి మీటరూ ముప్పై, అంటే రొమ్మెత్తున
టేపు చుట్టాలి.
వాలులో ఉన్న చెట్టుకి ఎగువ వైపు నుంచి.
ఈగ మెడ కుట్టినా చెయ్యి కదలకూడదు.
నాన్న టేపు. నేను పుస్తకం.

నాన్న పేరు లిక్వాటి.
ఇరవై రెండేళ్లు ఇదే అడవిలో బొగ్గు కాల్చాడు.
ఊళ్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.
ఎత్తకపోవడమే ఎత్తిపొడుపు.

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్లని చూశాను,
చెట్టు పేరు చెప్పి గాలి అమ్మడం
ఇదే చూడ్డం" అని మొదటి రోజు నవ్వాడు.
రోజుకూలీ ఎంతో తుమైని చెప్పింది.
నవ్వు అక్కడ ఆగింది.

ఇరవై మూడో చెట్టు మ్యోంబో.
అడ్డుకొలత నలభై రెండు సెంటీమీటర్లు.
నేను రాసుకుంటూంటే
నాన్న వేలి కణుపులతో బెరడు మీద కొట్టి
చెవి పెట్టి, మెడ ఎత్తి కొమ్మలు చూసి
"నాలుగు బస్తాలు" అన్నాడు.
"గట్టిగా కుక్కితే నాలుగే. వదులుగా పోస్తే అయిదు."

రాత్రి బడి వసారాలో, ఫోను వెలుతురులో
తుమైని నేర్పిన లెక్క చేశాను.
అడ్డుకొలత నుంచి బరువు,
బరువులోంచి నీళ్లు తీసెయ్,
ఎండిన దాంట్లో సగం కర్బనం.
కర్బనం అంటే ఏమిటన్నాడు నాన్న.
బొగ్గే, అన్నాను.
అంతకన్నా దగ్గరి మాట దొరకలేదు.

"ఆరు వందల కేజీలు నాన్నా ఆ చెట్టులో.
నీ నాలుగు బస్తాలూ కలిపి రెండు వందలు.
మిగతా నాలుగు వందలు ఏవి?"
బళ్లో తీసివేత లెక్క అడిగినట్టే అడిగాను.
ఇంకే ఉద్దేశమూ లేదు.

ఫోను దీపం చుట్టూ పురుగులు.
చాలాసేపటికి అన్నాడు:
"ఆవం పక్కన రాత్రంతా మేలుకునేవాణ్ణి.
తెల్లపొగ వస్తే అది నీళ్లు పోతున్నట్టు.
నీలం తిరిగితే పండినట్టు, మట్టి కప్పెయ్యాలి.
రంగే చూశాను.
పొగకి తూకం ఉంటుందని
ఎవరు చెప్పారు గనక."

నా బడి ఫీజు, నా యూనిఫారం, ఈ పెన్సిలు
ఆ నీలంలోంచి వచ్చినవే.
అందుకని నేనూ ఏమీ అనలేదు.
పుస్తకం మూసి, తెరిచి,
ఇరవై మూడో వరస మళ్లీ చూసుకున్నాను.
లెక్క తప్పలేదు.

ఆఖరి గుండ్రంలో, వాగు ఒడ్డున, ఒక మోడు.
గొడ్డలి గాట్లు కుడి నుంచి ఎడమకి దిగాయి.
ఈ ఊళ్లో ఎడమచేతి వాటం ఒక్కడికే.
నాన్న వంగి తనే టేపు చుట్టాడు,
చీలమండెత్తున.
"ముప్పై ఎనిమిది. రాయి."
రాశాను.

మోడు అంచు చుట్టూ చిగుళ్లు, పదకొండు,
ఎర్రగా, చిటికెన వేలంత లావు.
"ఇవీ రాయి."
"అయిదు సెంటీమీటర్లు లేనిది రాయకూడదట నాన్నా."
"ఎవరన్నారు?"
"ఫారం."

టేపు చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని
అక్కడే నిలబడ్డాడు.
మోటారు సైకిలువాడు రోడ్డు మీంచి
రెండుసార్లు హారన్ కొట్టాడు.
నేను పేజీ అంచున, గళ్లకి అవతల,
పెన్సిలు వత్తకుండా రాశాను:
పదకొండు.