తాళంచెవి గాడి

శుక్రవారం. మనామా సూక్ వెనక గల్లీలో
బనీన్లు పిండి ఆరేస్తున్నాను.
గొడుగు పైకెత్తి గైడు మర్జూక్
పదిమందిని తెచ్చి మా గుమ్మం ముందే ఆపాడు.

బట్టల వర్తకుడు షావూల్ ఇల్లట ఇది.
ద్వారబంధానికి కుడిపక్క
ఏటవాలుగా, వేలెడంత గాడి.
ప్రార్థన రాసిన తోలుచుట్ట ఉండేదట అందులో,
వస్తూ పోతూ తాకి
వేళ్లు ముద్దాడేవారట, యూదులు.

ఒక ముసలావిడ చెయ్యి చాచింది.
మా గది తాళంచెవి
టప్పున కింద పడింది.
ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.
వంగి తీసి, కొంగుతో తుడిచినట్టు స్కార్ఫుతో తుడిచి
ఎలా ఉన్నదాన్ని అలాగే, ఏటవాలుగా, పెట్టింది.

ఎనిమిదిమందిమి. మూడు షిఫ్టులు. ఒక్కటే చెవి.

రాత్రి రెండింటికి డ్యూటీ దిగొచ్చి
చీకట్లో గాడి తడుముకున్నాను.
ఆరేళ్లుగా తాకుతూనే ఉన్నాను,
ముద్దొక్కటే బాకీ.