అంచు కోయని పుస్తకాలు

దేవరకొండ అవతలి బడి నుంచి
ఒక సంచిల ఆరు పుస్తకాలొచ్చినయ్.
వీపులు ఊడి, నోళ్ళు తెరుచుకొని,
సీతాఫలం తిన్న చేతుల మరకలతోటి.
"గౌస్ భాయ్, ఐతారం వరకు కావాలె" అన్నడు సుదర్శనం సారు.
పిల్లలు కొట్టుకుంటున్నరట వాటి కోసం.

గడియారం సెంటర్ల నా డబ్బా.
ముప్పై రెండేండ్ల సంది కుట్టుడే పని.
చదువుడు నా పని కాదు,
కానీ మైదా గంజి ఆరేదాక
మనిషి ఏం జెయ్యాలె?

ఎక్కడి దేశపు కథనో, తెలుగు చేసిండ్రు.
మేకలు కాసే ఒక పోరడు,
వాని చేతుల రాగి గంట,
గంట కొడితే రాళ్ళు లేచి నడుస్తయ్.
మొదటిది పట్టుకున్న, రాత్రి రెండయింది.
మా ఆమె లైటు బంద్ చేసింది.
ఫోన్ వెలుతుర్ల చదివిన.

రెండోదాని పాత కుట్టు విప్పుతుంటే
అంచు మీద పెన్సిల్ రాత,
చీమలు పోయినట్టు చిన్నగ:
"ఈ బావి అడిగినన్ని నీళ్ళు ఇస్తది అన్నరు.
మరి ఐదో పుస్తకంల సైన్యం దూపకు సచ్చిపోతుంటె
ఎవ్వరికీ యాదికి రాలేదా?
రమావత్ శిరీష, ఏడో తరగతి."

సూది ఆగింది.
మాది మర్రిగూడ దిక్కు.
చిన్నప్పుడు తాగిన నీళ్ళు
నా పండ్ల మీద ఇంకా ఉన్నయ్, గోధుమ రంగుల.
ఎడమ చేతి వేళ్ళు పూరా ముడుసుకోవు,
దారం పండ్లతోటే పట్టుకుంట.
అసొంటి నాకు గూడ తట్టలే ఆ బావి!
ఉరుకుకుంట దాటిపోయిన,
రాసినాయన దాటిపోయినట్టే.

ఇగ ఆ రాతలు ఎతుక్కుంటనే కుట్టిన.
మూడోదాంట్ల: "గుర్రం సచ్చిపోయింది. నేను ఏడ్సిన."
ఆరోదాంట్ల: "గుర్రం మళ్ళొచ్చింది. నా ఏడుపు వాపస్ ఇయ్యాలె."
తాళాలన్నీ తీసిన తెలివిగల్ల పిల్ల
నాలుగోదాంట్ల గుహ బయట కూసోని ఉత్తగ ఏడుస్తది.
"ఈమె మెదడు ఎవరు ఎత్కపోయిండ్రు?"
కొండ అవతలోళ్ళు అందరూ దొంగలేనట,
వాళ్ళ మాట మాట తీరే ఉండదట.
ఆడ పెన్సిల్ ఒత్తి ఒత్తి కాయితం చిరిగింది:
"వాళ్ళ మాట వాళ్ళకు తెలుసు కదా.
వాళ్ళకు అమ్మలు లేరా?"

ఆ పోరడు నిజానికి రాజు కొడుకని తేలినకాడ
ఒక్కటే మాట: "హ్మ్."
దాని కింద, ఇంకో రోజు, ఇంకో పెన్సిల్:
"మా బాపు మేకలు కాస్తడు. రాజు కాడు.
ఒక్కటి గూడ తప్పిపోదు."

రాసినాయన మీద నాకు కోపం లేదు.
ఇన్నేండ్లు కుట్టినోనికి తెల్వదా,
ఎంత లావు పుస్తకం అయితే
అంత తొందరగ నడుమ దారం వదులైతది.
ముసలి కావలిమనిషి తలుపు మూసుకొని
లోపలనే ఉండిపోయిన పేజీకాడ
గంజి చేతులతోనే కండ్లు తుడుసుకున్న.
ఆ అంచు మీద ఆమె ఏం రాయలే.
ఏదో చుక్క పడి ఆరిన గుర్తు ఒకటుంది,
అంతే.

కుట్టుడు అయినంక అంచు కోయాలె.
మూడు దిక్కుల సాపు చేస్తేనే పని అంటరు.
పుస్తకం బిగించిన, కత్తి పిడి మీద చెయ్యి పెట్టిన.
కోస్తే వేలెడంత పోతది.
ఆ వేలెడంతలనే బావి ఉన్నది,
గుర్రం ఉన్నది,
వాళ్ళ బాపు ఉన్నడు మేకలతోటి.

ఐతారం సారు వచ్చి తిప్పి తిప్పి చూసిండు.
"ఇదేంది భాయ్, ఎలుకలు కొరికినట్టున్నయ్?"
"కత్తి మొండివోయింది సార్" అన్న.
ఇరవై రూపాయలు తక్కువిచ్చిండు.

రెండోదాంట్ల, బావి పేజీ అవతల
రెండు తెల్ల కాయితాలు ఎక్కువ పడ్డయ్.
అవి మాత్రం ఆయన చూడలే.