తరుగు పోను

ఆదివారం పొద్దున, చర్చి ఇంకా వదలకముందే
వెర్లిన్ కాఫీ హోటల్లో కుర్చీ దొరకలేదు.
పోయినేడు పదాటల్లో తొమ్మిది ఓడినప్పుడు
ఇదే బల్ల దగ్గర నేనూ, ఈగలూ.

నిన్న రాత్రి మా కాలేజీ పిల్లలు గెలిచారు.
సీజన్లో మొదటి ఆట. ఇరవై నాలుగు, పదిహేడు.
పడమటి కాన్సస్‌లో ఇంత చిన్న ఊరికి
ఇన్ని హారన్లున్నాయని నాకు తెలీదు.

మంగలి ఆర్లిస్ ఉప్పు డబ్బాలు, మిరియాల డబ్బాలు తెచ్చి
బల్ల మీద మైదానం పరిచాడు.
"పోయినేడైతే సరిగ్గా ఇక్కడే కూలబడేవాళ్ళు.
నిన్న చూశారా, నిలబడ్డారు."
నర్సు లోరీన్‌కి కొత్త క్వార్టర్‌బ్యాక్ కళ్ళు నచ్చాయి,
సూది వైపు సూటిగా చూసే రోగిలా ఉన్నాడట.
స్కూలు బస్సు నడిపే ఓర్విన్ అప్పుడే
డిసెంబరు ఫైనల్‌కి ఏ దారిన పోవాలో,
ఏ బంకులో డీజిల్ చవకో చెబుతున్నాడు.
ఆలు లేదు, చూలు లేదు,
కొడుకు పేరు ఛాంపియన్.

చివరికి నన్నడిగారు.
ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ ఊరి గింజంతా
నా కాటా మీదుగానే పోయింది.
నాకు చేతనయింది ఒక్కటే, తరుగు తీయడం.

సరే, తీద్దాం అన్నాను.
రెండో టచ్‌డౌన్ మనం కొట్టింది కాదు,
వాళ్ళ కుర్రాడు బంతి జారవిడిస్తే
మనవాడి కాళ్ళ దగ్గరికొచ్చి పడింది. అది తేమ.
ఆ ఫీల్డ్ గోల్‌ని తన్నింది మనవాడే గానీ
మోసుకుపోయింది దక్షిణపు గాలి. అది తాలు.
అసలు వచ్చిన జట్టు పోయినేడు ఒక్కటీ గెలవలేదు.
మట్టిబెడ్డలు.
ఇవన్నీ పోను మిగిలిందెంతో చూసుకోండి.
వాపో బలుపో వచ్చే శనివారం తేలుతుంది,
బ్రాంట్‌ఫోర్డ్ వాళ్ళొస్తున్నారు,
ఒక్కొక్కడూ గోదాం తలుపంత.
ముందుంది ముసళ్ళ పండగ.

వెర్లిన్ నా కప్పు దాటుకుని
జగ్గుతో పక్క బల్లకి వెళ్ళిపోయింది.
"గెలుపుని కూడా ఎండబెడితే గానీ
లోపలికి రానివ్వవు కదా నువ్వు" అన్నాడు ఆర్లిస్.

నిజమే.
ఒకటి మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

మూడో క్వార్టర్లో బంతి కుడివైపు పోయింది.
స్టేడియంలో కళ్ళన్నీ దాని వెంటే పోయాయి.
నేను ఎడమవైపే ఉండిపోయాను.
డెబ్భై ఒకటో నంబరు, టోబిన్ రైనర్ట్.
పోయిన నవంబరులో వీడు వదిలిన సందులోంచే ఒకడు దూరి
మన క్వార్టర్‌బ్యాక్ భుజం ఎముక విరిచాడు.
ఆ చలికాలమంతా ఊళ్ళో ఎవరూ వీణ్ణి తిట్టలేదు.
పేరెత్తలేదు, అంతే.

నిన్నా అదే సందు.
మోకాళ్ళు వంచి, నడుం దించి,
ఎదుటివాడి రొమ్ము కింద రెండు అరచేతులూ ఆనించి
విజిల్ మోగాక కూడా ఇంకో అడుగు నెట్టాడు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
బంతి అక్కడ లేదుగా.

సోమవారం, ఈ ఏటి మొదటి మొక్కజొన్న.
రైనర్ట్‌ల లారీ కాటా ఎక్కింది.
తేమ ఇరవై రెండు, తరుగు తప్పదు.
స్టీరింగు దగ్గర వాడే, బొటనవేలికి పట్టీ కట్టుకుని.
"దిగాలా?" అన్నాడు.
అక్కర్లేదన్నాను.
లోడుతో తూచినప్పుడూ ఉంటావు,
ఖాళీ చేసి తూచినప్పుడూ ఉంటావు,
నీ బరువు చీటీలో ఎక్కడా పడదు.

వాడు కాసేపు ఆలోచించి తలూపాడు.
గింజలు దింపే గొయ్యి వైపు లారీ కదులుతుంటే
కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు,
"శనివారం వస్తారా?"

మీటరు కప్పులోంచి తడి గింజలు దులుపుతూ
వస్తానన్నాను.
ఎడమవైపు కూర్చుంటాను.