వెనక జేబు

మొదట అబద్ధమాడింది ఎరుపు.
కుంకుమరంగు జాకెట్టుకి నేను ఏరిన దారం
ఇటుకరంగుదట.
అయనావరం టీచరమ్మ బల్ల మీద పరిచి మరీ చూపించింది.
కుడి కన్ను మూస్తే కుంకుమ, ఎడమ కన్ను మూస్తే ఇటుక.
ఒక్క గుడ్డలో రెండు రంగులు చూసే దర్జీకి
పట్టుచీర మీది జాకెట్టు ఎవరిస్తారు?

తర్వాత మెడ. మిషను మీదికి వంగితే చాలు
వెన్నులోంచి మడమదాకా జివ్వున ఒక కుట్టు.
ఆ పైన కుడి పాదం.
తొక్కుతున్నాననే అనుకుంటాను,
చూస్తే పెడలు పక్కన ఊరికే ఉంటుంది
పిలవని పేరంటానికి వచ్చినట్టు.

డాక్టరు కరెంటు తీగ బొమ్మ గీశాడు.
పైన తొడుగు ఊడుతోందన్నాడు,
ఊడపీకుతున్నది మీ ఒంట్లో కావలివాళ్ళేనన్నాడు.
నేను తలూపాను. నాకు కనిపించింది మాత్రం
ఓవర్‌లాక్ వెయ్యని అంచు,
ఉతికినప్పుడల్లా పోగులు లేచే అంచు.

ఐదు రోజులు స్టెరాయిడ్ సీసా.
తుప్పు సూది చప్పరించినట్టు నోరు.
నిద్ర రాని వార్డులో మూడింటికి
పాత బేరాల కొలతలు వల్లెవేసుకున్నాను:
పెరంబూరు నర్సుకి భుజం పద్నాలుగు,
కిరోసిన్ డిపో కోడలికి ఎడమ చెయ్యి అరంగుళం లావు.
అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

ఇప్పుడు పెద్ద కర్తరి. మద్రాసులో మే నెల.
టీవీలో డిగ్రీలు చెప్పకముందే నా కన్ను చెబుతుంది.
పది దాటగానే సూది బెజ్జం మూసుకుంటుంది.
మెడకి తడి తువ్వాలు, ముందర ఐసు బకెట్టు.
కరెంటు పోయిన పూట నాకు కాళ్ళు కూడా పోతాయి.
చల్లబడ్డాక వస్తాయి.
ఎక్కడికెళ్ళారంటే చెప్పవు.

వ్యాయామాల గదిలో వజ్రవేలు కలిశాడు.
హోర్డింగుకి ఫ్లెక్సు కడుతూ పడ్డాడు. ఇరవై ఆరేళ్ళు.
నడుం కింద ఏదీ తెలియదు.
తెలియకపోవడమే ప్రమాదమని జెసింతమ్మ రోజూ పోరుతుంది:
పావుగంటకోసారి చేతుల మీద లేవరా,
రాత్రి అద్దం పెట్టి వెనక చూసుకోరా.
అయినా పుండు పడింది.
జీన్స్ వెనక జేబు మూల, ఇత్తడి బొడిపె
ఒక్క పెళ్ళి భోజనంసేపు కింద ఒత్తుకున్నందుకు
నాలుగు నెలలు బోర్లా పడుకోబెట్టింది.

జేబు!
నా జన్మలో మగవాళ్ళ ప్యాంటు ముట్టినదాన్ని కాను.
మోటారుకి మోచేతి స్విచ్చి పెట్టించుకుని
తెల్లవారుజామున, ఎండ నిద్ర లేవకముందు కూర్చున్నాను.
వెనక జేబు లేదు. అసలు వెనక కుట్టే లేదు, ఒకటే గుడ్డ.
నడుం వెనక నాలుగు వేళ్ళు ఎత్తు, ముందు పల్లం.
ఇన్నాళ్ళూ నిలబడ్డ మనిషికే కుట్టాం అందరం,
కూర్చున్న మనిషి ఒళ్ళు వేరే.
ట్యూబు దారికి పొడవు జిప్పు,
లాగడానికి వేలు దూరేంత రింగు.

కొలత కుర్చీలోనే తీశాను.
టేపు మోకాలి మీద పెడితే, ఎటో చూస్తూ అడిగాడు
"పట్టుకున్నావా అక్కా?"
"పట్టుకున్నా."
ఆ పూట నా వేళ్ళ చివర్లకీ తిమ్మిరి.
తెలియని వేళ్ళు తెలియని మోకాలిని కొలిచాయి.
పదహారుంపావు.
తప్పు రాలేదు.

వేసుకోవడానికి ముప్పావుగంట, జెసింతమ్మ సాయం,
మధ్యలో రెండు బూతులు.
అద్దంలో అటూ ఇటూ చూసుకుని
"అంతా బాగుందక్కా. మరి దువ్వెన?"

తొడ మీద వాలుగా ఒక జేబు వేశాను,
పైన కనిపించేలా ఎర్ర దారంతో.
"ఎరుపేనా, ఇటుకా? చూసి చెప్పరా" అంటే
తల దువ్వుకుంటూ "సూపరక్కా" అంటాడు.
రంగు మాత్రం చెప్పడు.